చిన్న బిడ్డ తానే తిప్పుకునే నేల బండి ఎలా చేయించాలి

హన్మకొండ పక్కన నాకో వెల్డింగ్ షెడ్డు ఉంది. గేట్లు, గ్రిల్స్, మెట్ల రెయిలింగులు మా పని. మా చెల్లె కొడుకు స్పైనా బైఫిడాతో, అంటే వెన్నెముక సరిగ్గా మూసుకోని లోపంతో పుట్టాడు. వెన్ను మీది గడ్డకు ఆపరేషన్ అయింది గానీ కాళ్లలో కదలిక రాలేదు. రెండేళ్లు నిండేదాకా వాణ్ణి చంకన వేసుకునే తిరిగారు. వాడి కోసం నేలకు దగ్గరగా ఉండి, పక్క చక్రాలను బిడ్డే చేత్తో తిప్పుకునే ఒక బండి చేశాను. దాన్ని చూసి ఒకరు, వాళ్లను చూసి ఇంకొకరు వచ్చారు. పరకాల, జనగామ, మొన్నటికి మొన్న జగిత్యాల నుంచి కూడా. అందరి ప్రశ్న ఒకటే: “అన్నా, ఇంత చిన్న బిడ్డకు వీల్‌చైర్ చేయొస్తదా? కొలతలు చెప్పు, మా ఊరి వెల్డింగాయనతో చేయించుకుంటం.” ఫోన్లో చెప్తే యాంగిల్ సైజు గుర్తుంటుంది, బెల్టు ఎక్కడ కట్టాలో మరిచిపోతారు. ప్రాణం మీదికి వచ్చేది మాత్రం బెల్టు దగ్గరే. అందుకే మొత్తం రాసిపెడుతున్నాను.

ఇది ఏడాదిన్నర నుంచి నాలుగేళ్ల లోపు, పదిహేను కిలోలకు మించని పిల్లలకు. ఇంట్లో, వాకిట్లో, అంగన్‌వాడీ గదిలో తిరగడానికి. రోడ్డు మీదికి కాదు. వెనక నుంచి తోసే బండి కూడా కాదు. తోసే పిడి పెట్టమని చాలామంది అడుగుతారు. నేను పెట్టను. పిడి కనిపిస్తే తోయబుద్ధవుతుంది, తోస్తుంటే బిడ్డ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. కాళ్లు పనిచేసే పిల్లలు ఏడాదిలోపే పాకుతూ పోయి బియ్యం డబ్బా బోర్లిస్తారు, చెప్పులు నోట్లో పెట్టుకుంటారు, తలుపు సందులో దూరి నవ్వుతారు. ఈ పిల్లలకు అందకుండా పోతున్నది ఆ అల్లరే. బండి చేసేది దానికోసం.

ఎవరికి పనికొస్తుంది, ఎవరికి వద్దు

తల నిలపగలగాలి. వీపుకు ఆసరా ఇస్తే కూర్చోగలగాలి. రెండు చేతులూ ఎంతో కొంత పనిచేయాలి. స్పైనా బైఫిడా పిల్లల్లో చాలామందికి, సీపీ (సెరిబ్రల్ పాల్సీ, మెదడు దెబ్బతిని ఒళ్లు అదుపులో ఉండని స్థితి) ఉన్నా చేతులు బాగున్న పిల్లలకు ఇది సరిపోతుంది.

ఎముకలు పెళుసుగా ఉండి ఊరికే విరిగే జబ్బు ఉంటే, తుంటి కీలు జారి ఉంటే, వెన్ను వంకర పెరుగుతూ ఉంటే, ఆపరేషన్ కుట్లు ఇంకా మానకపోతే డాక్టర్ రాసివ్వకుండా నేను పని మొదలుపెట్టను. మీరూ మొదలుపెట్టకండి. మిగతావాళ్లయినా కొలతలు తీసే ముందు ఒకసారి ఫిజియోథెరపిస్టుకు చూపించండి. జిల్లాల్లో ప్రభుత్వ డీఈఐసీలు (పిల్లల లోపాలను ముందే గుర్తించి చూసే కేంద్రాలు) ఉన్నాయి, మీ దగ్గరలో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం నడిపే భవిత కేంద్రం ఉంటే అక్కడికి ఫిజియోథెరపిస్టు వస్తారు. వాళ్లను అడగాల్సింది రెండే ప్రశ్నలు: “కాళ్లు చాపి కూర్చోబెట్టాలా, మోకాళ్లు మడిచి కూర్చోబెట్టాలా?”, “ఎక్కడ ఒత్తిడి పడకూడదు?” జవాబులు కాగితం మీద రాయించుకుని వెల్డింగాయనకు చూపించండి.

ఒకవైపు వైకల్య సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు పని కూడా నడిపించండి. కాన్పూరులోని అలింకో సంస్థ చేసే పరికరాలు కేంద్ర ప్రభుత్వ ఆడిప్ పథకం కింద ఇస్తారు, సీపీ పిల్లల కుర్చీలు కూడా అందులో ఉంటాయి. అది వచ్చేదాకా నేల బండి నడుస్తుంది, వచ్చాక రెండూ వాడుకోవచ్చు. కొందరు తొందరపడి పెద్దల వీల్‌చైర్ కొని, పక్కన దిండ్లు కుక్కి కూర్చోబెడతారు. మావాడికీ ఒక షాపులో అదే అంటగట్టారు. “పెరుగుతాడు కదా, సరిపోతుంది” అన్నారు. వాడి చెయ్యి చక్రానికి అందనే లేదు.

కావలసినవి

12 ఎం.ఎం. వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్, ఒకటిన్నర అడుగుల వెడల్పు, నాలుగు అడుగుల పొడవు ముక్క చాలు. ఫర్నిచర్ షాపుల దగ్గర తుంటలు దొరుకుతాయి. టేకు అయితే బరువు. నిర్మల్ బొమ్మల పొనికి చెక్క తేలికగా ఉంటుంది కదా అని ఒకాయన అడిగాడు. అది బొమ్మలకే, మేకు పట్టి బరువు మోయదు.

12 అంగుళాల చక్రాలు రెండు. చిన్నపిల్లల సైకిల్‌వి పనికొస్తాయి. గాలి అక్కర్లేని ఈవీఏ (గట్టి నురగ లాంటి ప్లాస్టిక్) టైరువి తీసుకోండి. మన వాకిళ్లలో తుమ్మ ముళ్లకు ట్యూబు నిలవదు. సర్జికల్ షాపులో, తోసే రకం వీల్‌చైర్‌కు వాడే 12 అంగుళాల చక్రాలు విడిగా దొరికితే ఇంకా మంచిది, వాటికి బేరింగులు ముందే ఉంటాయి.

3 అంగుళాల తిరిగే క్యాస్టర్లు, అంటే ఎటైనా మళ్లే చిన్న చక్రాలు, రెండు. 2 అంగుళాలవి చవక, కానీ షాబాద్ బండల సందులో ఇరుక్కుంటాయి.

ఎల్ ఆకారపు ఇనుప యాంగిల్, రెండున్నర అంగుళాలది, అంటే 65 ఎం.ఎం., 6 ఎం.ఎం. మందంది, 15 సెం.మీ. ముక్కలు రెండు. 12 ఎం.ఎం. హైటెన్సిల్ బోల్టులు రెండు, వాటికి మామూలు నట్లు, నైలాక్ నట్లు, స్ప్రింగ్ వాషర్లు. సైకిల్ చక్రాలైతే 6201 బేరింగులు నాలుగు.

మెత్తకు గట్టి ఈవీఏ షీటు, మంచి ఫోమ్. నడుము బెల్టుకు ఒకటిన్నర అంగుళాల పట్టీ, స్కూల్ బ్యాగులకు ఉండే నొక్కితే ఊడే బకిల్. చక్రాల ఊచలు కప్పడానికి సన్‌బోర్డు, అంటే తేలికపాటి ప్లాస్టిక్ పలక.

రేట్లు రాయడం లేదు, ఇనుము ధర నెలకోలా ఉంటుంది.

కొలతలు తీయడం

బిడ్డను గట్టి నేల మీద, గోడకు ఆనించి కూర్చోబెట్టండి. పరుపు మీద తీసిన కొలత పనికిరాదు. ఒళ్లో కూర్చోబెట్టుకుని తీసింది కూడా అంతే. ఒకరు పట్టుకోవాలి, ఒకరు కొలవాలి, ఫోన్లో పాట పెట్టడానికి మూడో మనిషి ఉంటే మేలు.

నడుము వెడల్పుకు టేపు చుట్టొద్దు. పిరుదుల రెండు పక్కలా రెండు గట్టి పుస్తకాలు నిలబెట్టి, వాటి మధ్య దూరం కొలవండి. డైపర్ వేసే బిడ్డ అయితే డైపర్‌తోనే. వీపు ఎత్తు కూర్చున్న చోటి నుంచి భుజం రెక్క ఎముక కింది అంచు దాకా. కాళ్ల పొడవు పిరుదు వెనక నుంచి మడమ దాకా, చెప్పులో బ్రేసులో వేస్తుంటే వాటితో కలిపి. చేయి కిందికి వేలాడదీస్తే మధ్యవేలి కొస నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో చూడండి, ఇది మరిచిపోకండి. చివరగా బరువు.

ఇప్పుడు కూర్చునే తీరు తేల్చాలి. కాళ్లు చాపి గోడకు ఆనించినప్పుడు నడుము గోడకు తగిలి నిటారుగా ఉంటే కాళ్లు చాపే బండే చాలు. నడుము ముందుకు జారిపోయి వీపు విల్లులా వంగితే తొడల వెనక కండరాలు బిగుసుకున్నాయని. సీపీ పిల్లల్లో ఇది ఎక్కువ. అలాంటి బిడ్డకు పిరుదుల కింద 8 నుంచి 10 సెం.మీ. చెక్క దిమ్మె పెట్టి చూడండి. మోకాళ్లు కాస్త మడత పడగానే నడుము దానంతటదే లేస్తుంది. అలా అయితే బండిలో కూడా ఆ దిమ్మె పెట్టాలి, చక్రాలు 12 బదులు 16 అంగుళాలవి కావాలి. ఇది చూసుకోకుండా అందరికీ ఒకే బండి చేస్తే, నెల తిరిగేసరికి బిడ్డ జారి జారి బెల్టు మీద వేలాడుతుంది.

తయారీ

1. అడుగు పలక కోయండి. వెడల్పు ఇలా లెక్కేసుకోండి: నడుము వెడల్పు, దానికి 2 సెం.మీ. వదులు, రెండు పక్క గోడలకు 2.4, రెండు యాంగిళ్ల మందానికి 1.2. నడుము 20 ఉంటే మొత్తం 25.6, అంటే 26 సెం.మీ. పొడవుకు కాళ్ల పొడవు, ముందు 5, వెనక 10 కలపండి. పాదాలు పలక దాటి బయటికి రాకూడదు. స్పర్శ లేని పాదం గోడకు గీసుకుపోయినా బిడ్డకు తెలియదు. “ఇంకో ఏడాదికి సరిపోయేలా వెడల్పు చేద్దాం” అనే మాట ఇంట్లో తప్పకుండా వస్తుంది. ఒప్పుకోకండి. వెడల్పైతే బిడ్డ ఒక పక్కకు ఒరిగి కూర్చుంటుంది, వెన్ను అలాగే వంకరపోతుంది. పెరగడానికి దారి పక్క మెత్తల్లో ఉంచాలి: మొదట మందం మెత్త, తర్వాత పలచన.

2. ఇరుసు ఎత్తు చూడండి. చక్రం ఎత్తులో సగం లోంచి క్యాస్టర్ మొత్తం ఎత్తు, పలక మందం తీసేయాలి. చక్రం 31 సెం.మీ. అయితే సగం 15.5. క్యాస్టర్ 10, పలక 1.2. మిగిలింది 4.3. యాంగిల్ నిలువు రెక్కలో అడుగు నుంచి 4.3 సెం.మీ. ఎత్తున రంధ్రం పడాలి. నా అంకెలు పట్టుకుని రంధ్రాలు వేయొద్దు, మీ చక్రం, మీ క్యాస్టర్ కొలిచాకే. 16 అంగుళాల చక్రం వేస్తే రంధ్రం యాంగిల్ దాటి పైకి పోతుంది, అప్పుడు యాంగిల్‌కు 6 ఎం.ఎం. పలక వెల్డింగ్ చేసి ఎత్తు పెంచుకోవాలి.

3. ప్రతి యాంగిల్‌కు ఒకటి కాదు, వరసగా మూడు రంధ్రాలు, 3 సెం.మీ. ఎడంతో. చక్రం ముందుకు వెనక్కు జరపడానికి. మొదటిసారి నేను ఒకటే రంధ్రం వేశాను. మావాడు గడప దగ్గర చక్రం గట్టిగా లాగగానే బండి వెనక్కి లేచింది. వాళ్లమ్మ పక్కనే ఉంది కాబట్టి సరిపోయింది. కొత్తలో ఇరుసు బిడ్డ భుజం కన్నా కొద్దిగా వెనక ఉండాలి. అప్పుడు బండి నిలకడగా ఉంటుంది, తిప్పడం కొంచెం బరువు. చేయి తిరిగాక ఒక రంధ్రం ముందుకు.

4. యాంగిల్ అడ్డ రెక్క లోపలికి వచ్చేలా పలక అంచున పెట్టి, ఒక్కోదానికి మూడు బోల్టులు. గుండు తల పైకి, నట్టు కిందికి. ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు. యాంగిల్ రెక్క ఎత్తుగా, మధ్యలో పల్లంగా ఉంటే బిడ్డ తుంటి ఇనుము అంచు మీద పడుతుంది, పైన ఎంత ఫోమ్ వేసినా. రెండు రెక్కల మధ్య ఖాళీని 6 ఎం.ఎం. ప్లై ముక్కతో నింపండి. తర్వాత దాని మీద అరచేయి పెట్టి అటూ ఇటూ రుద్దండి. ఎక్కడా మెట్టు తగలకూడదు.

5. చక్రాలు బిగించండి. సైకిల్ ఇరుసును అలాగే వాడొద్దు. సైకిల్లో దాన్ని ఫోర్కు రెండు పక్కలా పట్టుకుంటుంది. ఇక్కడ ఒక పక్కే పట్టు, సన్న ఇరుసు వంగిపోతుంది. లేతు షాపులో హబ్బు తొలిపించి 6201 బేరింగులు రెండేసి కూర్చోబెట్టించండి, లోరంధ్రం సరిగ్గా 12 ఎం.ఎం. వస్తుంది. రెండు బేరింగుల మధ్య చిన్న పైపు ముక్క స్పేసర్‌గా తప్పకుండా ఉండాలి, లేకపోతే నట్టు బిగించగానే బేరింగు పట్టేస్తుంది. బోల్టు లోపలి నుంచి బయటికి రావాలి. వరస ఇది: తల, యాంగిల్, స్ప్రింగ్ వాషర్, నట్టు గట్టిగా, ఆ తర్వాత వాషర్, చక్రం, వాషర్, నైలాక్ నట్టు. చక్రాన్ని వేలితో తిప్పి వదిలితే కాసేపు తనే తిరగాలి.

6. పక్క గోడలు 12 ఎం.ఎం. ప్లైతో. బోల్టు తల పట్టేలా లోపల గుంత తొలవండి, తల బిడ్డకు తగలకూడదు. మేకులు కాదు, స్క్రూలు. రేపు చక్రం జరపాలంటే గోడ ఊడదీయాలి. గోడ ఎత్తు టైరు పై అంచు కన్నా కాస్త తక్కువగా ఉండాలి, లేకపోతే చెయ్యి అడ్డం పడుతుంది. టైరుకూ గోడకూ మధ్య మీ చిటికెన వేలు ఇరుక్కునే సందు ఉండకూడదు. అయితే అసలు దూరనంత సన్నగా, లేదా రెండు వేళ్లు సులువుగా పోయేంత.

7. వీపు పలక. ఎత్తు కొలిచినంతే, అంతకన్నా పైకి పోతే భుజాలు కదలవు. నిటారు కన్నా ఐదారు డిగ్రీలు వెనక్కి వాల్చండి. స్పైనా బైఫిడా బిడ్డకు వెన్ను మీద మచ్చ, ఎత్తు ఉన్నచోట ఫోమ్‌లో గుంత కోయాలి. ఎంత గుంతో తెలియాలంటే మచ్చ మీద కాగితం పెట్టి గీసుకోండి. కొత్తవాడ జంపఖానా ముక్క ఇక్కడ బాగా పనికొస్తుంది. నూలుది కాబట్టి చెమట పీలుస్తుంది, ఉతకొచ్చు. వేసవిలో రెగ్జిన్ వీపుకు అంటుకుపోతుంది. కూర్చునే చోట మాత్రం జంపఖానా వద్దు, నేత గరుకు. అక్కడ మెత్తని నూలు బట్టే.

8. కూర్చునే మెత్త. కింద రెండు సెం.మీ. గట్టి ఈవీఏ, పైన మూడు సెం.మీ. ఫోమ్. బిడ్డను కూర్చోబెట్టి, పిరుదుల కింద మెత్తకూ పలకకూ మధ్య మీ వేళ్లు దూర్చండి. ఎముక మీ వేళ్లకు గుచ్చుకుంటే మెత్త చాలలేదు. సోఫా చేయగా మిగిలిన స్పాంజ్ మొదట్లో హాయిగా ఉంటుంది, త్వరలోనే అప్పడంలా అవుతుంది. పైన బట్ట, దాని కింద తడి దిగకుండా పలచని ప్లాస్టిక్ కవరు. రెండూ విడిగా తీసి ఉతికేలా ఉండాలి.

9. క్యాస్టర్లు. ముందు మధ్యలో ఒకటి, వెనక మధ్యలో ఒకటి. ముందుది నేలకు ఆనాలి. వెనకది నేలకు ఒక సెం.మీ. పైన ఉండాలి, దాని చక్రం కింద సుమారు అంత మందం అట్ట దూరేంత. అందుకు ముందు క్యాస్టర్‌కు ఒక సెం.మీ. ప్యాకింగ్ ఇచ్చి, ఆ మేరకు పైన 2లో చెప్పిన లెక్క మార్చుకోవాలి. నాలుగూ ఒకేసారి ఆనితే ఎగుడు దిగుడు బండల మీద ఒక పెద్ద చక్రం గాల్లో తిరుగుతుంది, బిడ్డ ఎంత తిప్పినా బండి కదలదు. ముక్కాలి పీట ఎక్కడ వేసినా ఊగదు కదా, అదే లెక్క. వెనకది బండి లేవబోతే ఆపడానికి మాత్రమే.

10. ఊచలు కప్పండి. సన్‌బోర్డు గుండ్రంగా కోసి కేబుల్ టైలతో కట్టాలి, టైల కొసలు లోపలివైపుకు. మొదట్లో నేనిది పట్టించుకోలేదు. సద్దుల బతుకమ్మ నాడు వాకిట్లో ఆడవాళ్లు తిరుగుతుంటే మావాడు కూడా బండి మీద వాళ్ల వెంట తిరిగాడు. ఎవరిదో చీర కొంగు చక్రంలో పడింది. కొంగు చిరిగింది, వాడి వేలు కాదు. తెల్లారే కప్పాను.

11. నడుము బెల్టు. తొడ, పొట్ట కలిసే మడతలో పడాలి, పొట్ట మీద కాదు. పట్టీని పిరుదుల వెనక అడుగు మూలల నుంచి తెచ్చి, తొడల మీదుగా ఏటవాలుగా కట్టండి. బెల్టుకూ ఒంటికీ మధ్య మీ చెయ్యి చదునుగా దూరాలి, పిడికిలి దూరకూడదు. ఛాతీకి పట్టీ వేయమని కొందరంటారు. నడుము బెల్టు సరిగ్గా లేకుండా ఛాతీ పట్టీ ఒక్కటే వేస్తే బిడ్డ కిందికి జారినప్పుడు అది గొంతుకు చేరుతుంది. ఊపిరి ఆగుతుంది. ఫిజియోథెరపిస్టు వేయమంటేనే వేయండి, అదీ నడుము బెల్టు కట్టిన తర్వాతే. నాడాలు, చున్నీలు, ముడులు వద్దు. ఒక చేత్తో నొక్కితే ఊడాలి. మూర్ఛ వచ్చే బిడ్డకైతే ఇది ఇంకా ముఖ్యం. ఇంట్లో నానమ్మకు కూడా ఒకసారి తీయడం నేర్పండి.

12. అంచులన్నీ గుండ్రంగా రుద్ది, ఎమ్రీ పేపర్‌తో నున్నగా చేసి, సీసం లేని రంగు వేయండి. నలుపు, ముదురు రంగులు వద్దు. పాత మేజోడు తొడుక్కుని చేత్తో బండి అంతా తడమండి. ఎక్కడ దారం పట్టుకుంటే అక్కడ మళ్లీ రుద్దాలి.

అంతా కలిపి ఏడెనిమిది కిలోలు రావాలి. పది దాటితే వెల్డింగాయన గేటు చేసినట్టు చేశాడని అర్థం. చిన్న చేతులు దాన్ని లాగలేవు.

పైపులు, మిషన్లు ఉన్న పిల్లలకు

తలలో చేరే నీటిని దించే షంట్ ఉంటే దాని గొట్టం చెవి వెనక నుంచి మెడ మీదుగా చర్మం కిందే పొట్టలోకి పోతుంది. తల ఆనే చోట, మెడ పక్కన గట్టిది ఏదీ ఆ గొట్టాన్ని నొక్కకూడదు. పొట్టకు పైపు పెట్టి పాలు పోసే బిడ్డకు బెల్టు ఆ పైపు మీదికి రాకూడదు. పైపు పెట్టి మూత్రం తీసే పిల్లలకు బెల్టు త్వరగా తీసేలా ఉంటే రోజుకు నాలుగైదుసార్లు అమ్మకు ఇబ్బంది తప్పుతుంది.

స్పైనా బైఫిడా పిల్లల్లో చాలామందికి లాటెక్స్ రబ్బరు పడదు. దద్దుర్లతో మొదలై ఊపిరి ఆడనంత దూరం పోవచ్చు. సాగే రబ్బరు పట్టీలు, రబ్బరు గ్రిప్పులు బండికి పెట్టొద్దు. అలంకారానికి బెలూన్లు కూడా కట్టొద్దు. ఈవీఏ, నైలాన్, నూలు ఫరవాలేదు.

ఆక్సిజన్ సిలిండర్‌ను వీపు పలక వెనక తగిలించడం నేను చూసిన పెద్ద తప్పు. బరువంతా వెనక, పైన పడుతుంది. బండి వెనక్కి పడిపోతుంది. చిన్న సిలిండరైనా పలక మీద, ఇరుసుకు దగ్గరగా, పడుకోబెట్టి పట్టీతో బిగించాలి. అంత చోటు లేకపోతే సిలిండర్ పెద్దవాళ్ల దగ్గరే ఉంచి గొట్టం పొడవు గురించి డాక్టర్‌ను అడగండి. ఆ గొట్టం చక్రంలోకి పోకుండా వీపు పలక మీద క్లిప్పు పెట్టండి. ఆక్సిజన్ నడుస్తున్నప్పుడు దీపారాధన, అగర్‌బత్తీ, పొయ్యి దగ్గరికి బండి పోకూడదు. బిడ్డ తనంతట తాను తిరుగుతుంది కాబట్టి ఇది మామూలు జాగ్రత్త కాదు, వంటింటి తలుపు వేసే ఉంచాలి.

చేతుల్లో బలం అసలే లేని పిల్లలకు ఈ బండి పనికిరాదు. వాళ్లకోసం అమెరికాలోని డెలవేర్ యూనివర్సిటీలో కోల్ గాలోవే అనే ప్రొఫెసర్ మొదలుపెట్టిన ‘గో బేబీ గో’ పద్ధతి ఉంది. బ్యాటరీతో నడిచే బొమ్మ కారులో కాలి పెడల్ స్విచ్ తీసేసి, చేత్తోనో తలతోనో నొక్కే పెద్ద బటన్ పెడతారు, కూర్చోవడానికి పైపులతో ఆసరా కడతారు. మన బొమ్మల షాపుల్లోని రిమోట్ ఉన్న కార్లతో కూడా చేయొచ్చు. రిమోట్ మాత్రం ఎప్పుడూ పెద్దవాళ్ల చేతిలో ఉండాలి. ఆక్సిజన్ పెట్టిన బిడ్డకు బ్యాటరీ బండి ఇంట్లో చేయొద్దు.

బిడ్డను కూర్చోబెట్టే ముందు

బిడ్డ బరువుకు ఒకటిన్నర రెట్లు బియ్యం సంచిలో పోసి, బెల్టుతో కట్టండి. 10 కిలోల బిడ్డకు 15 కిలోల బియ్యం. గడప ఎత్తు నుంచి కాదు గానీ, రెండు సెం.మీ. ఎత్తు చెక్క మీద నుంచి ఇరవైసార్లు దించండి. తర్వాత నట్లన్నీ చేత్తో తిప్పి చూడండి, ఒక్కటి కదిలినా మళ్లీ బిగించాలి.

ఇప్పుడు ఏటవాలు పరీక్ష. మీటరు పొడవు పలకకు ఒక కొస కింద 17, 18 సెం.మీ. ఎత్తు పెడితే సుమారు 10 డిగ్రీల వాలు వస్తుంది. చక్రాలకు అడ్డు పెట్టి, సంచితో బండిని దాని మీద పైకి చూసేలా, కిందికి చూసేలా, అడ్డంగా నిలపండి. ఎటూ పడకూడదు. వెనక్కి పడితే ఇరుసు ఒక రంధ్రం వెనక్కి జరపండి. పక్కకు పడితే మెత్త ఎత్తు ఎక్కువైందేమో చూడండి.

ఆ తర్వాత బిడ్డ. చేతులు వేలాడదీస్తే వేళ్ల కొసలు ఇరుసు దగ్గరికి రావాలి. చక్రం పై అంచు పట్టుకున్నప్పుడు మోచేయి లంబకోణం కన్నా కొద్దిగా విప్పుకుని ఉండాలి. భుజాలు చెవుల దాకా లేస్తే బిడ్డ కిందికి ఉన్నట్టు, మెత్త కింద ఈవీఏ ఇంకొకటి వేయండి. చక్రం అందుకోవడానికి ముందుకు వంగితే ఎత్తు ఎక్కువైనట్టు.

మొదటి రోజు పది నిమిషాలే. దించగానే బట్టలు తీసి పిరుదులు, తోక ఎముక, వెన్ను మచ్చ, మడమలు, మోకాళ్ల వెనక చూడండి. ఎర్రగా ఉంటే సమయం చూసుకుని ఆగండి. అరగంటలో పోతే సరే. పోకపోతే, వేలితో నొక్కినా తెల్లబడకపోతే, ఆ చోట మెత్త మార్చేదాకా బండి వాడకండి. చర్మం నలుపైతే ఎరుపు సరిగ్గా తెలియదు, వేడిగా గట్టిగా తగులుతుందా అని వేళ్ల వెనక వైపుతో చూడండి. బాగుంటే రోజూ ఐదేసి నిమిషాలు పెంచుకుంటూ పోవచ్చు. ఈ పని మొదటి వారంతో ఆపొద్దు, రోజూ స్నానం చేయించేటప్పుడు చూస్తే సరిపోతుంది. కాళ్లలో స్పర్శ లేని బిడ్డ పుండు పడినా ఏడవదు. ఏడుపు కోసం ఎదురుచూస్తే ఆలస్యమైపోతుంది.

ఎండ సంగతీ అంతే. ఏప్రిల్, మే నెలల్లో బండిని వాకిట్లో వదిలేసి, కాసేపాగి తెచ్చి కూర్చోబెడితే తొడ కాలుతుంది. బిడ్డకు తెలియదు, మీకు సాయంత్రం బొబ్బలు కనిపిస్తాయి. నీడలో పెట్టండి. కూర్చోబెట్టే ముందు ప్రతిసారీ యాంగిల్, బకిల్, పలక ముట్టుకోండి.

ఇల్లు

గడప తీసేయమంటే ఇంట్లో పెద్దవాళ్లు ఊరుకోరు, పసుపు కుంకుమ పెట్టే గడప కదా. తీయక్కర్లేదు. రెండు పక్కలా చెక్క వాలు పెట్టండి, పండుగనాడు పక్కన పెట్టేలా. ఎత్తుకు పన్నెండు రెట్లు పొడవు ఉండాలి. 5 సెం.మీ. గడపకు 60 సెం.మీ. వాలు. అంత చోటు లేదని పొడవు సగం చేస్తే బండి ఎక్కదు, దిగేటప్పుడు దూకుతుంది.

అరుగు అంచున, మెట్ల పైన తప్పకుండా అడ్డు పెట్టాలి. కుర్చీ అడ్డం పెడితే చాలదు, పిల్లలు తోసుకుంటూ పోతారు. బాత్రూంలో నీళ్లున్న బకెట్లు, తొట్టి ఉంటే తలుపుకు పైన గొళ్లెం. బండి మీద ఉన్నంతసేపు ఒక పెద్దమనిషి కళ్లు బిడ్డ మీదే ఉండాలి. చేతులు మాత్రం వెనక కట్టుకోండి. మొదటి రోజుల్లో చక్రం ఒకటే తిప్పి గుండ్రంగా తిరుగుతుంటారు, గోడకు తగులుతారు, గోడ దగ్గర ఇరుక్కుని పిలుస్తారు. వెంటనే పోయి తిప్పకండి, ఇరవై దాకా లెక్కపెట్టి చూడండి. నచ్చిన బొమ్మ ఒక మీటరు దూరంలో పెట్టడం కన్నా, అన్నయ్య బొమ్మల డబ్బా మూత తీసి పెట్టడం ఎక్కువ పనిచేస్తుంది.

నెలనెలా

నెలకోసారి నట్లు బిగించండి. మూడు నెలలకోసారి నడుము వెడల్పు, కాళ్ల పొడవు మళ్లీ కొలిచి తలుపు వెనక రాసిపెట్టండి. పక్క మెత్త తీసేసినా వదులు లేకపోతే బండి చిన్నదైపోయినట్టే. చక్రాలు, యాంగిళ్లు ఊడదీసి పెద్ద పలక మీదికి మార్చుకోవచ్చు, ప్లై ఒక్కటే కొత్తది కొనాలి. వేరే బిడ్డకు ఇస్తుంటే మెత్త, బెల్టు ఇవ్వకండి, అవి ఆ బిడ్డ కొలతకు కొత్తవి కుట్టించాలి. బండి ఉన్నట్టుండి బరువుగా నడుస్తోందని ఫోన్ చేసే వాళ్లకు నేను మొదట చెప్పేది ఒకటే: బండిని బోర్లించి ముందు క్యాస్టర్ చూడండి. అమ్మ వెంట్రుకలు, పూల దారం ఇరుసు చుట్టూ బిగుసుకుని ఉంటాయి. పాత బ్లేడుతో కోసి లాగితే వచ్చేస్తాయి.